తాళం వేసిన గదిలో గొంతు

2023 మే నెల. యూనివర్సిటీకి వేసవి సెలవులిచ్చారు. తార్నాకలో మా ఇంటి నుంచి క్యాంపస్‌లోని కౌన్సెలింగ్ సెంటర్‌కు నేను నడిచే వెళ్తాను. మామూలు రోజుల్లో ఆ దారంతా చాయ్ బండ్లు, బైకులు, గుంపులు కట్టిన పిల్లలు. సెలవుల్లో మాత్రం ఎండెక్కితే పురుగు కూడా కనబడదు. ఎండుటాకులు మన అడుగుల వెంటే ఇంకెవరో వస్తున్నట్టు చప్పుడు చేస్తాయి. ఎన్నేళ్లుగా వింటున్నా, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడకుండా ఆ దారి దాటలేదు నేను.

సెంటర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. పాత రాతి భవనంలో ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపుకు కర్టెన్. నేను స్టూడెంట్ కౌన్సెలర్‌ని. డాక్టర్‌ని కాను, మందులు రాయను. “అయితే ఊరికే మాట్లాడటమే కదే నీ ఉద్యోగం!” అని తెనాలిలో మా పిన్ని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. అవును, మాట్లాడటమే. మాట్లాడి, మందు అవసరమైన వాళ్లను సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపడం. ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్న మనిషిని గుర్తుపట్టడం. ఈ గుర్తుపట్టడాన్ని మా భాషలో రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. పేరు ఘనంగా ఉంటుంది గానీ, పని మాత్రం సూటిగా అడగడం, చెప్పింది చివరిదాకా వినడం.

ఎదుటి మనిషి మొహం చూడకుండా ఆ పని చేయాల్సి వచ్చింది ఒక్కసారే. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఆ అమ్మాయికి చెప్పి, సరేనన్నాకే రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం కావస్తుంటే యాదమ్మ వచ్చింది. లేడీస్ హాస్టల్లో పని చేస్తుంది, మా సెంటర్ కూడా ఆమే ఊడుస్తుంది. నోరున్న మనిషి. రిజిస్ట్రార్ గారి కారు అడ్డంగా ఉందని డ్రైవర్‌ని దులిపేసిన ఘనురాలు. అలాంటిది చీపురు లేకుండా వచ్చి గడపలోనే నిలబడిపోయింది. మెడలో కొత్త తాయెత్తు.

“మేడమ్, రేపటిసంది నేను మూడో అంతస్తు ఊడ్వ. ఎవలకు చెప్పుకుంటరో చెప్పుకోన్రి.”

“ఏమయింది?”

“గాడ దయ్యమున్నది.”

నాకు నవ్వాగలేదు. “పట్టపగలా? సెలవులు కదా అని దెయ్యాలకు కూడా డ్యూటీ మార్చారా ఏంటి?”

“నవ్వకురి మేడమ్. మిట్టమధ్యాహ్నమే అయితున్నది. చివరి రూముకు బయట తాళమేసున్నది. లోపట్నుంచి ఆడిపిల్ల గొంతు. ‘రజిత లేదు’ అంటది. జరసేపు సప్పుడు చెయ్యది. మల్ల ‘రజిత లేదు’ అంటది. ఎవలో తలుపు కొట్టి అడుగుతున్నట్టు. నేను నిలబడి చూసిన. తలుపుకాడ ఎవ్వలు లేరు. నిన్న మౌలాలి గుట్టెక్కి, దర్గాల గీ తాయెత్తు కట్టించుకొచ్చిన.”

“రజిత ఎవరు?”

యాదమ్మ బయటికి తొంగి చూసి, లోపలికొచ్చి, కర్టెన్ లాగింది. ఆమె చెప్పింది మీకు అర్థం కావాలంటే హాస్టళ్ల ఆచారం ఒకటి తెలియాలి.

సీటు లేకపోయినా స్నేహితుల గదిలో ఉండిపోయేవాళ్లను నాన్‌బోర్డర్లు అంటారు. చదువు అయిపోయి, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు తయారవుతూ, వట్టి చేతులతో ఊరికి వెళ్లలేక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. రెండు మంచాల మధ్య చాప వేసుకుని పడుకుంటారు. మెస్‌లో ఒకరి ప్లేటు ఇద్దరు తింటారు. చెకింగ్ ఉందంటే నాన్‌బోర్డర్‌ని లోపల ఉంచి, బయట తాళం వేసుకుని వెళ్లిపోతారు. ఎవరొచ్చి అడిగినా “లేదు, ఊరికి పోయింది” అని చెప్పాలి. అది హాస్టల్ మర్యాద. ఆ మాట తప్పినవాళ్లను మిగతా పిల్లలు గడప తొక్కనివ్వరు. యాదమ్మకు ఏ గదిలో ఎవరున్నారో మొత్తం తెలుసు. ఆమె కూడా “లేరు” అనే చెబుతుంది.

రజిత అలాంటి అమ్మాయే. ఎమ్మే అయిపోయింది. మౌనిక అనే రీసెర్చ్ స్కాలర్ గదిలో ఉండేది.

“ఆ పిల్ల పోయిన నెలనే ఊరికి పోయిందని మౌనిక చెప్పింది మేడమ్. నాతోని ఎన్నడు అబద్ధమాడదు. పోయినంక ఆ పిల్లకు ఏమన్న అయ్యిందేమో. అదే మల్ల రూముకొచ్చి తిరుగుతున్నది.”

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. రజిత ఊరికి వెళ్లలేదు, ఆ గదిలోనే ఉంది. యాదమ్మకు కూడా చెప్పకుండా దాచారంటే, దాచమని రజితే అడిగి ఉండాలి. ఉన్న ఒక్కొక్కరికీ తాను లేనని చెప్పించి, చివరికి ఎవరూ అడగకుండానే తనకు తాను చెప్పుకుంటోంది. నిజం చెప్పాలంటే, అది దెయ్యమే అయితే బాగుండునని ఆ క్షణం మనసారా కోరుకున్నాను.

యాదమ్మ దగ్గర నంబరు తీసుకుని మౌనికకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. తార్నాకలో ఒక రీడింగ్ హాల్లో చదువుకుంటుందట, అక్కడ ఫోన్లు సైలెంట్‌లో పెడతారు. “తాళంచెవి తీసుకుని వెంటనే హాస్టల్‌కు రా. నిన్నెవరూ ఏమీ అనరు” అని మెసేజ్ పెట్టి బయల్దేరాను. యాదమ్మ తాయెత్తును గుప్పిట్లో పట్టుకుని, నాలుగడుగులు వెనకగా వచ్చింది.

ఖాళీ హాస్టల్‌ని మధ్యాహ్నం పూట చూడాలి మీరు. వందల మంది గొంతులు నిండి ఉండే చోటు అలా మూగబోతే, నిశ్శబ్దం చెవులకు తగులుతుంది. మెట్ల మీద ఎవరో మరిచిపోయిన ఒంటి చెప్పు. కారిడార్ పొడుగునా తాళాలు. ఎక్కడో పంపు కారుతోంది, ఏ అంతస్తులోనో తెలియదు. మేం పైకి ఎక్కుతుంటే ఆ చప్పుడు కూడా మాతో పాటే ఎక్కుతున్నట్టుంది. మూడో అంతస్తుకొచ్చేసరికి యాదమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

చివరి గది. బయట ఇత్తడి తాళం. పక్కనే కారిడార్‌లోకి చువ్వల కిటికీ, రెక్కలు లోపల్నుంచి బిగించి ఉన్నాయి. తలుపు మీద మెల్లగా కొట్టాను.

“రజిత లేదు.”

నేను కొట్టిన చెయ్యి దించే లోపే వచ్చింది ఆ మాట. ఏడుపు లేదు, భయం లేదు. ఫోన్ చేస్తే ‘ఈ నంబర్ అందుబాటులో లేదు’ అని చెప్పే గొంతులా ఉంది. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎన్ని చదువులు చదివినా ఒంటికి దాని చదువు దానికుంటుంది.

“లేకపోతే మానె,” అన్నాను. “లోపల మాట్లాడుతున్నదెవరో, వాళ్ల కోసమే వచ్చాను. నేను కౌన్సెలింగ్ సెంటర్ మేడమ్‌ని. వార్డెన్ పంపితే రాలేదు. మోకాళ్ల నొప్పులతో మూడంతస్తులు ఎక్కాను తల్లీ, కాసేపు ఇక్కడే కూర్చుంటాను.”

తలుపు పక్కన నేల మీద కూలబడ్డాను. తలుపు కింది సందులోంచి లోపలి వెలుతురు కనిపిస్తోంది. ఆ వెలుతురులో ఏవో నీడలు అటూ ఇటూ నడుస్తున్నాయి. చిన్న చిన్న అడుగులు. మనిషివి కావు.

“నీతో ఇంకెవరున్నారు?” అని అడిగాను.

“పావురాలు,” అంది. “వెనక కిటికీలకెల్లి వస్తయి.” ఆ గొంతులో మొదటిసారి మనిషి జాడ తెలిసింది. “నన్ను చూసి బెదరవు మేడమ్. కాళ్ల మీదికెల్లి నడుచుకుంట పోతయి. వాటికి గూడ నేను కనబడుతలేను.”

నేను కంగారుపడితే ఆమెకు ఎవరు దిక్కు? ఇంటి సంగతులు అడిగాను. జనగామ వైపు ఊరు. తండ్రి పత్తి వేస్తాడు. నౌకరి ఎప్పుడొస్తదని ఊరంతా అడుగుతుంటే ఆయన తలెత్తుకోలేకపోతున్నాడని ఆమె బాధ. పరీక్ష పోయిన ప్రతిసారీ ఇంటికి ఫోన్లు తగ్గించింది. తర్వాత స్నేహితులకు కనబడటం తగ్గించింది.

“ఇంట్ల హాస్టల్ల ఉన్ననని చెప్పిన. హాస్టల్ల ఊర్ల ఉన్ననని చెప్పమన్న. చెకింగ్ అని మౌనిక తాళమేసి పోతది, పగటీలి అన్నం తెస్తది. లోపట కూసుంటే, ఇంతకుముందు తలుపు కొట్టినోళ్లకు వాళ్లు చెప్పిన మాటలే ఇనబడుతయి. రజిత లేదు, రజిత లేదు. ఇప్పుడు నేను అంటున్ననో, అవే ఇనబడుతున్నయో నాకు ఎరుక లేదు.”

ఇక అడగాల్సిన మాట అడగాలి. దాన్ని చుట్టూ తిప్పి అడిగితే జవాబు కూడా చుట్టూ తిరుగుతుంది. “పిచ్చి పిచ్చి ఆలోచనలేమీ రావటం లేదు కదా” అని అడిగితే, ఎవరైనా “లేదండి” అనే అంటారు. ఆ ప్రశ్నలోనే జవాబు పెట్టేశాం మరి.

“రజితా, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?”

మెట్ల దగ్గర యాదమ్మ గుండె బాదుకుంది. “అట్లడగకురి మేడమ్! తథాస్తు దేవతలుంటరు!”

ఈ భయం యాదమ్మ ఒక్కదానిదే కాదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ప్రొఫెసర్లు కూడా నాతో అంటారు. అలా పుట్టదు. ఆ ఆలోచన ఉన్న మనిషి దాన్ని ఒక్కతే మోస్తుంటుంది. పేరు పెట్టి అడిగితే ఇంకో చెయ్యి పడినట్టవుతుంది.

లోపల పావురాల నడక ఆగింది. ఆ కాసేపట్లో నేను ఎంతమంది దేవుళ్లను తలచుకున్నానో చెప్పలేను.

“అవ్ మేడమ్.”

ఆ తర్వాత పెద్ద ఊపిరి ఒకటి వినిపించింది.

“చెప్పావు, మంచి పని చేశావు,” అన్నాను. “ఇవాళేనా?”

జవాబు రాలేదు. ఆ రాకపోవడమే జవాబు. యాదమ్మకు సైగ చేశాను. ఆమె వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది. అతను సుత్తి తెచ్చుకుని, చప్పుడు చేయకుండా కింది మెట్ల మీద కూర్చున్నాడు.

“తాళం పగలగొట్టించమంటావా?”

“వద్దు మేడమ్!” గొంతు ఒక్కసారిగా పెరిగింది. “అందరికి తెలుస్తది. మౌనిక సీటు పోతది.”

నాకు ఏడుపొచ్చింది. తన ప్రాణం మీద ఆశ వదులుకున్న పిల్ల స్నేహితురాలి సీటు కోసం కంగారుపడుతోంది. అంటే లోపల ఒక మనిషి గట్టిగానే ఉంది. “సరే, బేరం పెట్టుకుందాం,” అన్నాను. “నువ్వు నాతో మాట్లాడుతున్నంతసేపు తాళం జోలికి వెళ్లం. మాట ఆపావంటే పగలగొడతాం. మౌనిక సంగతి వార్డెన్‌తో నేను చూసుకుంటాను. ఇంకోటి. నీ దగ్గర ఏదో పెట్టుకున్నావు కదా. అది కిటికీలోంచి ఇచ్చెయ్.”

అదేమిటో ఇక్కడ రాయను, మీకు అవసరం లేదు. హాని చేయగల వస్తువును అందకుండా చేయడం మా పనిలో మొదటి మెట్టు. ఆ ఉధృతి ఎప్పుడూ ఒకేలా ఉండదు, వచ్చి తగ్గుతుంది. తగ్గేదాకా వస్తువు దూరంగా, మనిషి దగ్గరగా ఉండాలి.

లోపల గడియ తీసిన చప్పుడైంది. కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మనిషి కనబడటం లేదు, చెయ్యి మాత్రమే. సన్నగా, పాలిపోయి ఉంది. నేను నేల మీద నుంచి లేవబోతే మోకాలు పట్టేసింది.

“యాదమ్మా, అందుకో!”

యాదమ్మ మొహంలో నెత్తురు లేదు. ఆమెకు ఇంకా అది చచ్చిన పిల్ల చెయ్యే. పెదాలు కదుపుతూ, మల్లన్న పేరో ఎవరి పేరో తలచుకుంటూ ఒక్కో అడుగూ వేసింది. ఎడం చేత్తో ఆ వస్తువు లాక్కుంది. తర్వాత, ఎందుకో ఆమెకే తెలియదు, కుడి చేత్తో ఆ చేతిని పట్టేసుకుంది.

“ఎచ్చగున్నది!” అని అరిచింది. కారిడార్ మొత్తం మోగింది. “మేడమ్, చెయ్యి ఎచ్చగున్నది! మనిషే! ఓ రజితా, నువ్వున్నవే బిడ్డా! ఉన్నవే!”

లోపల్నుంచి ఏడుపు వచ్చింది. తలుపు అవతల ఇందాకటి నుంచి నేను వెతుకుతున్నది ఆ ఏడుపునే. మౌనిక వచ్చేదాకా యాదమ్మ ఆ చెయ్యి వదల్లేదు. నెల రోజులు తనకు అబద్ధం చెప్పినందుకు తిట్టింది, చిక్కిపోయినందుకు తిట్టింది, మౌలాలి గుట్ట ఎండలో ఎక్కించినందుకు తిట్టింది. ఏ శిక్షణా లేని ఆ తిట్లకు నేను అడ్డు రాలేదు.

మౌనిక ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది. తాళం తీసింది. లోపల గది అతి శుభ్రంగా ఉంది. చాప చుట్టి ఉంది. రజిత పుస్తకాలు, స్వెటర్, మంచి చుడీదార్లు మౌనిక మంచం మీద మడతపెట్టి ఉన్నాయి, ఇచ్చేసినట్టు. వెనక కిటికీ గట్టు మీద రెండు పావురాలు మమ్మల్ని చూసి రివ్వున ఎగిరిపోయాయి.

“నేనే తాళమేసిన మేడమ్,” అంది మౌనిక ఏడుస్తూ. “సేఫ్‌గ ఉంటదనే ఏసిన.”

“నువ్వు దాచింది వార్డెన్ నుంచి. చావు ఆలోచనను నీ నుంచి దాచింది రజిత. నీ తప్పు కాదు,” అన్నాను. నిజంగానే అన్నాను.

రజిత నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలింది. మా వృత్తిలో కాన్ఫిడెన్షియాలిటీ అని ఒక నియమం ఉంది, విన్నది గడప దాటకూడదని. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం దాటాలి. “చెబుతాను. ఎవరికి చెప్పాలో మాత్రం నువ్వే చెప్పు,” అన్నాను. నాన్న పేరు వద్దంది. కాస్త ఆలోచించి అక్క పేరు చెప్పింది. పెళ్లయి వారాసిగూడలో ఉంటుంది.

అక్క రావడమే కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. “వారాసిగూడ ఏమన్న దుబాయా పిల్లా? గీ పక్కనే ఉన్న, సావలేదుగదా నేను!” అని మొదలుపెట్టి, మాట మధ్యలోనే చెల్లెల్ని వాటేసుకుని భోరుమంది.

వార్డెన్ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆవిడ రిజిస్టర్ తిరగేసి, “రికార్డు ప్రకారం ఆ పేరుతో మా హాస్టల్లో ఎవరూ లేరు మేడమ్. లేని అమ్మాయి గురించి నేనేం చేయను?” అన్నారు. తలుపు వెనక గొంతు కంటే ఆ చల్లని మాటకే నేను ఎక్కువ భయపడ్డాను. కోపం కూడా వచ్చింది. “మీరేం చేయక్కర్లేదు, వచ్చి చూడండి చాలు,” అన్నాను. వచ్చారు. అక్క ఒడిలో తల పెట్టుకుని ఉన్న రజితను చూసి ఆవిడ అలాగే నిలబడిపోయారు. “అన్నం తిన్నావా అమ్మా?” అని అడిగారు. మౌనిక సీటు పోలేదు.

ఆ సాయంత్రమే సైకియాట్రిస్ట్‌ను కలిశాం. డిప్రెషన్ అన్నారు, మందులు మొదలయ్యాయి. రజిత అక్క ఇంటికి మారింది. విద్యార్థుల జాబితాలో పేరు లేని అమ్మాయిని సెంటర్‌లో చూడటం ఏమిటని ఆఫీసులో ఒకరు గొణిగారు, నేను వినిపించుకోలేదు. మేము సేఫ్టీ ప్లాన్ తయారు చేసుకున్నాం. మళ్లీ ఆ ఆలోచన వస్తే ముందు ఏం చేయాలి, ఎవరిని పిలవాలి అన్నది మనసు కుదురుగా ఉన్నప్పుడే అనుకుని పెట్టుకోవడం అన్నమాట. నాన్నకు తర్వాత తనే చెప్పింది. ఆయన బస్సెక్కి వచ్చి, ఏమీ మాట్లాడకుండా రోజంతా కూతురి పక్కన కూర్చుని వెళ్లాడట.

ఈ కేసు నాకు నేర్పింది చాలా మామూలు సంగతి. మనిషి ప్రాణం మీదికి తెచ్చుకునేటప్పుడు ప్రతిసారీ ఏడుస్తూ కనబడదు. కొందరు మెల్లమెల్లగా లేకుండా పోతారు, మనం మర్యాదగా వాళ్లను పోనిస్తాం. మీకు తెలిసిన ఎవరైనా అలా తగ్గిపోతుంటే, వస్తువులు పంచేస్తుంటే, ఫోన్లు ఎత్తడం మానేస్తుంటే, వెళ్లి తలుపు కొట్టండి. సూటిగా అడగండి. అవునంటే తిట్టొద్దు, నీతులు చెప్పొద్దు, ఒంటరిగా వదలొద్దు. డాక్టర్ దగ్గరికి వెంట వెళ్లండి. రాత్రీ పగలూ పలికే ఉచిత హెల్ప్‌లైన్లున్నాయి, వాటికి ఫోన్ చేయడం పిచ్చితనం కాదు. ఆ ఆలోచన మీదే అయితే, ఇవాళే ఒక్కరికి చెప్పండి.

రజిత ఇప్పుడు కాచిగూడలో ఒక ఆఫీసులో పని చేస్తోంది. అప్పుడప్పుడు సెంటర్‌కు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న అడుగుతాను, అలవాటుగా కాదు, భయంతోనే. మొన్న కూడా అడిగాను.

దాచలేదు. “వస్తది మేడమ్, ఎన్నడన్న ఒకపారి. వచ్చినప్పుడు అక్కను లేపుతున్న.”

“అక్క ఏమంటుంది?”

“తిడతది,” అంది రజిత. “తిట్టుకుంటనే లేసి, చాయ్ పెట్టి, నా పక్కన కూసుంటది.”